మాంసం కుర్మా

మాంసం కుర్మా మేక లేదా పొట్టేలు మాంసమును పెరుగు, గసగసాలు, కొబ్బరి, జీడిపప్పు వంటి పదార్థములతో చిక్కని తెల్లటి గుజ్జులో నిదానముగా ఉడికించి చేసే వంటకము. తెలుగువారి ఇండ్లలో ఆదివారపు భోజనములలోను, పండుగలలోను, బంధువులు వచ్చినపుడు చేసే విందులలోను దీనికి ముఖ్యమైన స్థానము ఉన్నది. కోస్తా ఆంధ్ర ప్రాంతములో మేక, పొట్టేలు మాంసమును వేట మాంసము అని కూడా అంటారు. కారము, పులుపు ఎక్కువగా ఉండే ఇతర తెలుగు మాంసపు కూరలతో పోలిస్తే కుర్మా కమ్మగా, మెత్తగా ఉంటుంది. గుజ్జు విరగకుండా, ముక్క గట్టిపడకుండా చేయుటలోనే దీని నైపుణ్యము ఉన్నది.

పేరు

కుర్మా అనే మాట ఉర్దూ నుండి తెలుగులోకి వచ్చినది. దీనికి మూలము తుర్కీ భాషలలో "వేయించినది" అను అర్థము గల పదము. మాంసమును ముందుగా కొవ్వులో వేయించి, తరువాత కొద్దిపాటి ద్రవములో మూతపెట్టి ఉడికించుట ఈ వంట పద్ధతికి మూల లక్షణము. తెలుగులో ఈ పేరు క్రమముగా మాంసమునకే పరిమితము కాక, గసగసాలు, కొబ్బరి వేసి చిక్కగా చేసిన కూరలన్నిటికీ వర్తించినది. నేడు పూరీ, పరోటాలతో ఇచ్చే కూరగాయల కుర్మా అందరికీ తెలిసినదే.

తెలుగు మాంసపు కూరలను గుజ్జును బట్టి కొన్ని రకములుగా గుర్తిస్తారు. నీరు పూర్తిగా ఇగిరి ముక్కకు మసాలా పట్టి ఉండేది ఇగురు. నూనెలో పొడిగా వేగినది వేపుడు. చింతపండు రసముతో పలుచగా ఉండేది పులుసు. పరోటాతో పోసుకొనే పలుచని మసాలా రసము షేర్వా. గింజల ముద్దతో చిక్కబడినది కుర్మా.

చరిత్ర

దక్కను ప్రాంతములో మాంసపు వంటలకు దీర్ఘమైన చరిత్ర ఉన్నది. కళ్యాణి చాళుక్య రాజైన మూడవ సోమేశ్వరుడు (పాలన 1126–1138) రచించిన సంస్కృత గ్రంథము మానసోల్లాసములో మాంసముతో చేసే పలు వంటకముల వర్ణన ఉన్నది. ఆనాటి వంటలలో కారమునకు మిరియములే ఆధారము. మిరపకాయ, జీడిపప్పు రెండూ అమెరికా ఖండమునకు చెందినవి. ఇవి పోర్చుగీసువారి ద్వారా 16వ శతాబ్దములో భారతదేశమునకు వచ్చినవి. కనుక నేడు తెలుగు ఇండ్లలో చేసే కుర్మా, ఈ పదార్థములతో కూడిన రూపములో, అంతకంటే ప్రాచీనమైనది కాదు.

పెరుగు, గింజల ముద్దలతో మాంసమును నిదానముగా వండే పద్ధతి ఉత్తరాదిన మొగలుల వంటశాలలలోను, దక్కనులో సుల్తానుల కాలములోను వృద్ధిచెందినది. తెలుగు ప్రాంతమును గోల్కొండ కుతుబ్‌షాహీలు (1518–1687), తరువాత అసఫ్‌జాహీలు (1724–1948) పాలించినారు. కృష్ణా తీరములోని కొండపల్లి, రేవు పట్టణమైన మచిలీపట్నము గోల్కొండ రాజ్యములో భాగములుగా ఉండేవి. 1766లో జరిగిన ఒప్పందముతో నిజాము ఉత్తర సర్కారులను ఆంగ్లేయులకు ఇచ్చినాడు. ఆ సర్కారులలో ముస్తఫానగర్ అని పిలువబడిన కొండపల్లి ఒకటి.

తిరువూరు ప్రాంతము

తిరువూరు ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రములోని ఎన్టీఆర్ జిల్లాకు చెందిన పట్టణము. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు పూర్వము ఇది కృష్ణా జిల్లాలో ఉండేది. విజయవాడ నుండి భద్రాచలము మీదుగా జగదల్‌పూర్ వైపు వెళ్ళే 30వ నంబరు జాతీయ రహదారి ఈ పట్టణము గుండా పోతుంది. పట్టణమునకు ఆవలి వైపు తెలంగాణలోని ఖమ్మం జిల్లా సరిహద్దు ఉన్నది. చుట్టుపక్కల మామిడి తోటలు విస్తారముగా ఉన్నవి.

1948 వరకు ఈ సరిహద్దుకు ఒక వైపు మద్రాసు రాష్ట్రము, మరొక వైపు హైదరాబాదు సంస్థానము ఉండేవి. 1956 నవంబరు 1న రెండు వైపులా ఆంధ్ర ప్రదేశ్‌లో కలిసినవి. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడిన తరువాత ఇది మరల రాష్ట్రముల సరిహద్దు అయినది. ఇటువంటి చోట రెండు ప్రాంతముల వంట పద్ధతులు పక్కపక్కనే కనబడుట సహజము. కృష్ణా జిల్లా పద్ధతిలో గసగసాలు, పచ్చికొబ్బరి కలిపి నూరిన ముద్ద వాడుతారు. తెలంగాణ పద్ధతిలో ఎండుకొబ్బరి, నువ్వులు, వేరుశనగపప్పు వంటి వాటిని వేయించి నూరి కలుపుట ఎక్కువ. మామిడికాయల కాలములో పెరుగుకు బదులుగా పుల్లని మామిడికాయ ముక్కలతో మాంసము వండుట కూడా కోస్తా జిల్లాలలో వాడుకలో ఉన్నది. అయితే అది పులుపు కూర అవుతుంది కాని కుర్మా కాదు.

మాంసము ఎంపిక

భారతదేశములో మటన్ అనే మాట సాధారణముగా మేక, పొట్టేలు మాంసములు రెండింటికీ వాడుతారు. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారము గొఱ్ఱెల సంఖ్యలో తెలంగాణ దేశములో మొదటి స్థానములోను, ఆంధ్ర ప్రదేశ్ రెండవ స్థానములోను ఉన్నవి. పొడవైన కాళ్ళతో ఎత్తుగా పెరిగే నెల్లూరు జాతి గొఱ్ఱె మాంసమునకు ప్రసిద్ధి చెందినది.

కుర్మాకు జబ్బ, మెడ, ప్రక్కటెముకలు, కాలి భాగములు అనుకూలమైనవి. జంతువు ఎక్కువగా కదిలించే ఈ భాగములలో కొల్లాజెన్ అనే బంధక పదార్థము అధికముగా ఉంటుంది. పచ్చిగా ఉన్నపుడు ఇది గట్టిగా ఉన్నా, తేమతో కూడిన వేడిలో చాలాసేపు ఉడికినపుడు జెలటిన్‌గా మారి, ముక్కకు మెత్తదనమును, గుజ్జుకు చిక్కదనమును ఇస్తుంది. మూలుగ ఎముకలు నాలుగైదు కలిపి కొట్టించుకొనుట మంచిది. తొడలోని ఎముక లేని మెత్తని భాగము వేపుడుకు బాగుంటుంది. దానిని ఎక్కువసేపు ఉడికిస్తే పొడిబారుతుంది.

జంతువును కోసిన కొన్ని గంటలకు కండరములు బిగుసుకొంటాయి. ఆ సమయములో వండిన ముక్క ఎంత ఉడికినా గట్టిగానే తోచవచ్చును. కనుక మాంసమును తెచ్చిన వెంటనే వండవలెను, లేదా మూతగల పాత్రలో ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి మరుసటి రోజు వండవలెను. చల్లదనములో ఉంచినపుడు మాంసములోని ఎంజైములు కండరపు పోగులను సడలించుట వలన ఆ బిగువు పోతుంది.

కావలసిన పదార్థములు

ఆరుగురికి సరిపోవు కొలతలు:

* ఎముకలతో కూడిన మాంసము – 1 కిలో
* ఉల్లిపాయలు – 4 (మధ్యరకము)
* పచ్చిమిరపకాయలు – 6
* అల్లం వెల్లుల్లి ముద్ద – 2 పెద్ద చెంచాలు
* పుల్లగా లేని పెరుగు – 200 గ్రాములు
* శనగపిండి – 1 చిన్న చెంచా
* గసగసాలు – 2 పెద్ద చెంచాలు
* జీడిపప్పు – 15 పలుకులు
* పచ్చికొబ్బరి కోరు – 1 కప్పు
* ధనియాల పొడి – 1 పెద్ద చెంచా
* కారము – 2 చిన్న చెంచాలు
* పసుపు – అర చెంచా
* దాల్చిన చెక్క – 2 ముక్కలు, లవంగాలు – 6, యాలకులు – 4
* నూనె – 100 మిల్లీలీటర్లు
* కొత్తిమీర, పుదీనా – గుప్పెడు
* ఉప్పు – తగినంత

తయారుచేయు విధానము

1. గసగసాలను వేడి నీటిలో అరగంట నానబెట్టవలెను. నానని గసగసాలు ఎంత నూరినా పలుకుగా మిగిలిపోతాయి. తరువాత జీడిపప్పు, కొబ్బరితో కలిపి వెన్నవలె మెత్తగా రుబ్బుకోవలెను.
2. మాంసమునకు ఉప్పు, పసుపు, సగము అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి అరగంట ఉంచవలెను.
3. అడుగు మందముగల గిన్నెలో నూనె కాచి, దాల్చిన చెక్క, లవంగాలు, యాలకులు వేసి, అవి చిటపటలాడిన తరువాత సన్నగా తరిగిన ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు వేసి లేత బంగారు రంగు వచ్చు వరకు వేయించవలెను. ఉల్లిపాయలు మాడితే గుజ్జు నల్లబడి చేదెక్కుతుంది.
4. మిగిలిన అల్లం వెల్లుల్లి ముద్ద వేసి పచ్చివాసన పోయిన తరువాత మాంసము వేసి పెద్ద మంట మీద కలుపుతూ వేయించవలెను. ముక్కల నుండి ఊరిన నీరు ఇగిరిపోయి నూనె కనిపించుటకు సుమారు 10 నుండి 15 నిమిషములు పడుతుంది.
5. కారము, ధనియాల పొడి వేసి కలిపి మంట బాగా తగ్గించవలెను. శనగపిండి కలిపి గిలకొట్టిన పెరుగును చెంచా చెంచాగా వేస్తూ ఆపకుండా కలపవలెను.
6. పెరుగు ఇగిరి నూనె తేలిన తరువాత మూడు కప్పుల వేడినీరు పోసి, మూతపెట్టి, సన్నని సెగ మీద గంట నుండి గంటన్నర ఉడికించవలెను. ప్రెషర్ కుక్కరులో అయితే 5 లేక 6 కూతల తరువాత మంట తగ్గించి మరో 10 నిమిషములు ఉంచవలెను.
7. ముక్క ఉడికినదని నిర్ధారించుకొన్న తరువాతనే గసగసాల ముద్ద కలిపి, మూత లేకుండా 10 నిమిషములు సన్నని సెగ మీద ఉంచవలెను. ముద్దను ముందే వేస్తే అడుగంటుతుంది.
8. కొత్తిమీర, పుదీనా చల్లి దించి, 15 నిమిషములు మూతపెట్టి ఉంచి వడ్డించవలెను.

గుజ్జు విరుగుటకు కారణములు

కుర్మా వండేవారికి ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది గుజ్జు విరుగుట. పెరుగులోని ప్రధాన మాంసకృత్తి కేసీన్. పెరుగు స్వతహాగా ఆమ్ల గుణము కలది కనుక అందులోని కేసీన్ అప్పటికే వదులుగా పేరుకొని ఉంటుంది. హఠాత్తుగా అధిక వేడి తగిలితే అది గట్టి పలుకులుగా బిగిసి నీరు వేరుపడుతుంది. పెరుగు ఎంత పుల్లగా ఉంటే అంత త్వరగా విరుగుతుంది. ఫ్రిజ్ నుండి తీసిన చల్లని పెరుగును నేరుగా మరిగే గిన్నెలో పోయుట కూడా ఇందుకు కారణమే. శనగపిండిలోని పిండిపదార్థము మాంసకృత్తుల కణముల మధ్య అడ్డుగా నిలిచి అవి ఒకదానికొకటి అంటుకోకుండా చేస్తుంది. మజ్జిగ పులుసులో శనగపిండి గాని, నానబెట్టి నూరిన శనగపప్పు గాని కలుపుట వెనుక ఉన్న సూత్రము కూడా ఇదే.

కొబ్బరి పాలు వాడినపుడు కూడా ఇదే జాగ్రత్త అవసరము. అవి పెద్ద మంట మీద తెర్లినచో నూనె, నీరు వేరవుతాయి. విరిగిన గుజ్జును చక్కదిద్దుటకు ముక్కలను తీసివేసి, గుజ్జును చల్లారనిచ్చి, నాలుగైదు నానిన జీడిపప్పులతో కలిపి రుబ్బి, మరల సన్నని సెగ మీద వేడిచేయవచ్చును. రుచిలో పెద్ద తేడా ఉండదు.

కుర్మా చివర నూనె పైకి తేలుట మాత్రము విరుగుట కాదు. అది నీరు తగినంత ఇగిరినదనుటకు గుర్తు.

స్టేక్‌తో పోలిక

పాశ్చాత్య దేశములలో మాంసమును చిక్కని మీగడ రసముతో వడ్డించే పద్ధతులలో ముఖ్యమైనది స్టేక్. ఎముక లేని మెత్తని మాంసమును మందమైన బిళ్ళగా కోసి, బాగా కాలిన పెనము మీద కొద్ది నిమిషములు కాల్చి, అదే పెనములో మిరియములు, మీగడతో రసము చేసి పైన పోస్తారు. కుర్మా, స్టేక్ రెండింటిలోను మొదట మాంసము పైభాగమును గోధుమ రంగు వచ్చునట్లు వేయించుట ఉన్నది. సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో మాంసకృత్తులు, చక్కెరలు కలిసి మెయిలార్డ్ చర్య జరుగుట వలన ఆ రంగు, వాసన ఏర్పడతాయి. తడిగా ఉన్న ముక్క 100 డిగ్రీల వద్దనే ఉండిపోతుంది కనుక దానికి రంగు రాదు. కుర్మాలో నీరు ఇగిరే వరకు వేయించమనుటకు, స్టేక్‌ను పెనము మీద వేయుటకు ముందు తడి లేకుండా తుడవమనుటకు కారణము ఒక్కటే.

భేదము తరువాతి దశలో ఉన్నది. స్టేక్‌కు కొల్లాజెన్ తక్కువగా ఉండే భాగము కావలెను. అది త్వరగా దించవలెను. కుర్మాకు కొల్లాజెన్ ఎక్కువగా ఉండే భాగము కావలెను. అది నిదానముగా ఉడకవలెను. ఒకదానికి తగిన మాంసము మరొకదానికి తగదు. తెలుగు ప్రాంతపు వంటలలో స్టేక్‌కు దగ్గరగా ఉన్నది హైదరాబాదులో చేసే పత్తర్ కా గోష్త్. ఇందులో ఎముక లేని మాంసమును పలుచగా కొట్టి, మసాలా పట్టించి, కాలిన నల్లరాతి పలక మీద కాలుస్తారు.

స్టేక్ సాధారణముగా ఆవు జాతి పశువుల మాంసముతో చేస్తారు. ఆంధ్ర ప్రదేశ్‌లో 1977 నాటి చట్టము గోవధను నిషేధించినది. గేదె మాంసము కొన్ని వర్గముల వారి ఆహారములో ఉన్నప్పటికీ, తెలుగు ఇండ్లలో ఈ పద్ధతిని అనుసరించదలచినవారు మేక లేదా పొట్టేలు తొడ మాంసముతో ఇట్లు చేయవచ్చును. మాంసమును పోగులకు అడ్డముగా ఒక సెంటీమీటరు మందమున బిళ్ళలుగా కోసి, చిన్న చెంచాడు పచ్చి బొప్పాయి ముద్ద పట్టించి అరగంట ఉంచవలెను. బొప్పాయిలోని పపెయిన్ అనే ఎంజైము మాంసకృత్తులను విడగొట్టుతుంది. ఎక్కువసేపు ఉంచితే ముక్క పిండివలె అవుతుంది. తరువాత బిళ్ళలను తుడిచి, ఉప్పు, మిరియాల పొడి చల్లి, నెయ్యి వేసిన వేడి పెనము మీద ఒక్కొక్క వైపు రెండు మూడు నిమిషములు కాల్చి తీసివేయవలెను. అదే పెనములో సన్నని ఉల్లిపాయ తరుగు వేయించి, కచ్చాపచ్చాగా దంచిన మిరియములు, పావు కప్పు నీరు, అర కప్పు తాజా మీగడ వేసి, మంట తగ్గించి, చెంచాకు అంటుకొనునంత చిక్కబడిన తరువాత బిళ్ళల మీద పోయవలెను.

వెన్న కొరకు రోజుల తరబడి కూడబెట్టిన ఇంటి మీగడ కొంత పులిసి ఉంటుంది కనుక ఇందుకు పనికిరాదు, వేడికి విరుగుతుంది. ఆ రోజు పాల మీద కట్టిన మీగడను గాని, సుమారు 25 శాతము కొవ్వు గల డబ్బా మీగడను గాని వాడవలెను.

గసగసాలు – చట్టపరమైన విషయము

గసగసాలు పాపవర్ సోమ్నిఫెరమ్ అనే నల్లమందు మొక్క విత్తనములు. నల్లమందు ఆ మొక్క పచ్చికాయల పాల నుండి వస్తుంది. ఎండిన విత్తనములలో మత్తు గుణము దాదాపుగా ఉండదు. భారతదేశములో ఈ మొక్కను మధ్య ప్రదేశ్, రాజస్థాన్, ఉత్తర ప్రదేశ్ రాష్ట్రములలో కేంద్ర ప్రభుత్వపు అనుమతి పత్రముతో మాత్రమే సాగుచేస్తారు. గసగసాలు వంటకు కొనుటకు, వాడుటకు మన దేశములో ఎటువంటి ఆటంకము లేదు.

అయితే సౌదీ అరేబియా, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ వంటి దేశములలో గసగసాలు నిషిద్ధ పదార్థము. అక్కడికి వీటిని తీసుకొనిపోవుట మాదకద్రవ్య నేరముగా పరిగణింపబడుతుంది. ఉపాధి కొరకు గల్ఫ్ దేశములకు వెళ్ళే తెలుగువారు ఎందరో ఉన్నారు. ఇంటి నుండి కట్టి ఇచ్చే మసాలా పొడులలో గసగసాలు కలిసి ఉన్నా చిక్కులు తప్పవు. అటువంటి చోట గసగసాలకు బదులుగా జీడిపప్పు, పుచ్చగింజల పప్పు లేక నువ్వులు వాడుతారు. జీడిపప్పుతో గుజ్జు తియ్యగాను, నువ్వులతో కొంచెము చేదుగాను ఉంటుంది.

పాత్రలు

పూర్వము కుర్మాను మట్టి దాకలలోను, కళాయి పూసిన ఇత్తడి, రాగి గిన్నెలలోను కట్టెల పొయ్యి మీద వండేవారు. గసగసాలు, కొబ్బరి ముద్దను రుబ్బురోట్లో పొత్రముతో రుబ్బేవారు. కళాయి పోయిన ఇత్తడి, రాగి పాత్రలలో పెరుగు, చింతపండు వంటి పుల్లని పదార్థములు వేసి వండరాదు. ఆమ్లములకు రాగి కరిగి ఆహారములో కలుస్తుంది. దానివలన వాంతులు, కడుపునొప్పి కలుగుతాయి.

నిల్వ, ఆరోగ్య జాగ్రత్తలు

మాంసము పూర్తిగా ఉడికిన తరువాత కూడా కొన్ని సూక్ష్మజీవుల బీజములు వేడిని తట్టుకొని జీవించి ఉంటాయి. క్లాస్ట్రీడియమ్ పెర్ఫ్రింజెన్స్ అనే బాక్టీరియా పెద్ద గిన్నెలలో నెమ్మదిగా చల్లారే మాంసపు కూరలలో వేగముగా వృద్ధిచెందుతుంది. విందు భోజనముల తరువాత పలువురు ఒకేసారి విరేచనములతో బాధపడుటకు గల కారణములలో ఇది ఒకటి. కూర రుచి, వాసనలలో మార్పు లేనంతమాత్రమున అది చెడలేదని చెప్పలేము.

* వండిన కూరను రెండు గంటలకు మించి బయట ఉంచరాదు. గాలి ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటినపుడు ఒక గంటకు మించరాదు. తిరువూరు ప్రాంతములో వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుట సాధారణము కనుక, మధ్యాహ్నము వండిన కుర్మాను రాత్రికి పొయ్యి గట్టు మీదనే ఉంచుట ప్రమాదకరము.
* మిగిలిన కూరను లోతు తక్కువగల గిన్నెలలోకి మార్చితే త్వరగా చల్లారుతుంది. తరువాత ఫ్రిజ్‌లో ఉంచవలెను.
* తిరిగి వాడునపుడు గోరువెచ్చగా కాక, తెర్లే వరకు వేడిచేయవలెను.
* బిళ్ళలుగా కాల్చిన మాంసము లోపల కనీసము 63 డిగ్రీల సెల్సియస్‌కు చేరి, దించిన తరువాత 3 నిమిషములు అట్లే ఉండవలెను. కైమాకు 71 డిగ్రీలు కావలెను.
* పచ్చి మాంసము కోసిన కత్తి, పీటలను సబ్బుతో కడగకుండా కూరగాయలకు వాడరాదు.

మాంసము ద్వారా మాంసకృత్తులు, ఇనుము, బి12 విటమిను లభిస్తాయి. అయితే కొబ్బరి, జీడిపప్పు, నూనెల వలన కుర్మాలో కొవ్వు అధికము. హృద్రోగము, మధుమేహము ఉన్నవారు మితముగా తీసుకొనుట మంచిది. జీడిపప్పు పడనివారు కొందరు ఉంటారు కనుక అతిథులకు వడ్డించుటకు ముందు అడిగి తెలుసుకోవలెను.

వడ్డన, ఆచారములు

కుర్మాను బగారా అన్నము, పలావు, చపాతీ, పూరీ, దోసెలతో తింటారు. సంక్రాంతి మరునాడైన కనుమ రోజున కోస్తా జిల్లాలలో మాంసాహారము తినే కుటుంబములలో మాంసపు కూర, మినప గారెలు చేయుట ఆనవాయితీ. ఆ రోజు మినుము తినవలెనను నానుడి తెలుగునాట ప్రసిద్ధము. ముస్లిముల ఇండ్లలో బక్రీదు నాడు కుర్మా తప్పనిసరిగా కనిపించే వంటకములలో ఒకటి. కార్తీక మాసములోను, సోమ, శనివారములు వంటి కొన్ని వారములలోను అనేక హిందూ కుటుంబములు మాంసము వండరు. అందువలన కార్తీకము ముగిసిన తరువాత వచ్చే మొదటి ఆదివారము మాంసపు దుకాణముల వద్ద రద్దీ ఎక్కువగా ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* గోంగూర మాంసం
* పత్తర్ కా గోష్త్
* హైదరాబాదీ బిర్యానీ
* గసగసాలు
* మజ్జిగ పులుసు
* తిరువూరు